పుట్టలో పదును, పెట్టెలో పదును: పెంపుడు పాములకు, తాబేళ్లకు కింద ఏం పరచాలి?

కిందటేడు ఏప్రిల్‌లో హన్మకొండలో ఒక నర్సరీకి పోయి రెండు కొబ్బరి పొట్టు ఇటుకలు కొన్నాను. ఒకటి నా బాల్ పైథాన్ పెట్టెలో పరిచాను. రెండోది కాజీపేటలో ఉండే మా మేనత్త కొడుక్కి ఇచ్చాను. అతని దగ్గరా అదే జాతి పాము ఉంది. మే నెలలో నా పాము తల నుంచి తోక కొస దాకా ఒక్క ముక్కగా కుబుసం విడిచింది. అతను ఆ ఇటుకను అటక మీద దాచి, వానలు పడ్డాక జులైలో వాడాడు. ఆగస్టు రెండో వారంలో ఫోన్ వచ్చింది.

"బావా, పాము పొట్ట కింద బొబ్బలు లేసినయ్. నువ్విచ్చిన పొట్టులనే ఏమన్న ఉందంటవా?"

పొట్టులో ఏమీ లేదు. రెండూ ఒకే రోజు ఒకే చోట కొన్నవి. తడిపిన తీరు ఒకటే, పరిచిన మందం ఒకటే. మేలో మా ఇంట్లో గాలి పెదవులు పగిలేంత పొడిగా ఉంది, ఆ తడి పాముకు ఆదరువైంది. ఆగస్టులో అతని ఇంట్లో గోడలే చెమ్మగిల్లుతున్నాయి. దాని మీద ఇంకింత తడి చేరేసరికి పొలుసులు పాడయ్యాయి.

ఆ ఫోన్ తర్వాత నుంచి ఎవరైనా "అన్నా, ఏ సబ్‌స్ట్రేట్ మంచిది?" అని అడిగితే సరుకు పేరు చెప్పడం మానేశాను. ఏ జంతువు, ఎలాంటి గది, ఏ నెల అని తిరిగి అడుగుతున్నాను. పెట్టె అడుగున పరిచేదాన్ని సబ్‌స్ట్రేట్ అంటారు, కొందరు బెడ్డింగ్ అంటారు, మా ఇంట్లో పరుపు అంటాం. ఏ పరుపు క్షేమం అన్నది బస్తా మీద రాసి ఉండదు. ఆ మూడు ప్రశ్నలకు జవాబులు కుదిరిన చోట క్షేమం, కుదరని చోట అదే బస్తా ప్రమాదం.

అసలు విషయంలోకి పోయే ముందు చట్టం మాట చెప్పాలి. నక్షత్ర తాబేలు, మన చెరువుల్లోని తాబేలు, ఉడుము, కొండచిలువ, ఊసరవెల్లి ఇవేవీ ఇంట్లో పెంచుకునేవి కావు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. నక్షత్ర తాబేలు అంతర్జాతీయ వ్యాపారాన్ని 2019లోనే పూర్తిగా నిషేధించారు. మన దగ్గర దాన్ని పట్టినా, అమ్మినా, ఇంట్లో ఉంచినా 3 నుంచి 7 ఏళ్ల జైలు దాకా పోతుంది. ఎవరైనా "లక్ష్మి వస్తది" అని చెప్పి అంటగడితే తీసుకోవద్దు, ఇప్పటికే ఉంటే అటవీశాఖ వాళ్లకు అప్పగించాలి. బాల్ పైథాన్, ఇగువానా, సల్కాటా తాబేలు లాంటి విదేశీ జీవులను పెంచేవాళ్లు 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ల పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఇక్కడి నుంచి నేను చెప్పేదంతా కాగితాలు సరిగ్గా ఉన్న విదేశీ జీవుల గురించే.

బొరియ లోపల ఏముంటుంది

నాగుల పంచమి నాడు మనం పుట్ట దగ్గరికి పోతాం. ఆ పుట్టను పాము కట్టలేదు, చెదలు కట్టాయి. పాము దాన్ని వాడుకుంటుంది. బయట రాయి మీద కాలు పెట్టలేనంత ఎండ కాస్తున్నా పుట్ట లోపల చల్లగా, చెమ్మగా ఉంటుంది. డిసెంబరు రాత్రి బయట కంటే వెచ్చగా ఉంటుంది. పాముకు కావలసింది ఆ నిలకడ.

బాల్ పైథాన్ సొంతూరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా గడ్డి మైదానాలు. అక్కడ కూడా అది పగలంతా ఎలుక బొరియల్లో, చెదపుట్టల్లో గడుపుతుంది. సల్కాటా తాబేలుది సహారా ఎడారి దక్షిణపు అంచు. ఎడారి అనగానే మన కళ్ల ముందు ఎండు ఇసుక మెదులుతుంది, తెచ్చి అదే పరుస్తాం. నిజానికి అది ఎండు నేల మీద తిరిగేది పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు. మిగతా పొద్దంతా మీటర్ల పొడవున తవ్వుకున్న సొరంగంలో, పదునున్న మట్టి మధ్య ఉంటుంది.

పదును అన్న మాట నేను కావాలనే వాడుతున్నాను. తొలకరి పడ్డాక రైతు చేలోకి దిగి పిడికెడు మట్టి తీసి పిసికి చూస్తాడు. ముద్ద కట్టాలి, చేతికి బురద అంటొద్దు, వేలితో పొడిస్తే విడిపోవాలి. అప్పుడు పదునైందంటాడు, పత్తి గింజ పెడతాడు. తడి వేరు, పదును వేరు. పెంపుడు పాముల గురించి చదివే ప్రతి చోటా తేమ శాతం అంకెలు కనిపిస్తాయి. ఆ అంకెలు అవసరమే, కానీ వాటి వెనక ఉన్నది మన రైతు చేతికి తెలిసిన ఈ సంగతే.

పదును లేకపోతే ఏమవుతుందో తాబేలు డిప్ప మీద కనిపిస్తుంది. చిన్నప్పుడు పొడి చోట పెరిగిన సల్కాటా డిప్ప మీది ఒక్కో పలక చిన్న గుడి శిఖరంలా పైకి లేస్తుంది. దీన్ని పిరమిడింగ్ అంటారు. చాలా ఏళ్లు ప్రొటీన్ ఎక్కువైతే ఇలా అవుతుందని అందరూ నమ్మారు. 2003లో సల్కాటా పిల్లల మీద చేసిన అధ్యయనం ఆ నమ్మకాన్ని కదిలించింది. ప్రొటీన్ తేడా ప్రభావం కొద్దిగానే కనిపించింది, గాలిలో తేమ తక్కువైన గుంపులోనే గూనులు పెద్దగా లేచాయి. డిప్ప లోపల ఉన్నది ఎముక. ఒకసారి అలా పెరిగాక తిరిగి చదును కాదు. అందుకే తాబేలు పిల్లకు మొదటి రెండు మూడేళ్లు కింద ఏం పరిచామన్నది దాని జీవితాంతం కనిపిస్తుంది.

అన్ని జీవులూ ఇలా ఉండవు. బియర్డెడ్ డ్రాగన్ మధ్య ఆస్ట్రేలియా బల్లి. గట్టిపడిన ఎర్రమట్టి మీద, రాళ్ల మీద, మోడుల మీద ఎండ కాగుతుంది. దానికి 30 నుంచి 40 శాతం తేమ చాలు. బాల్ పైథాన్‌కు 60 నుంచి 80. ఈ రెంటికీ ఒకే పరుపు పనికొస్తుందని చెప్పే దుకాణదారు మాట నమ్మొద్దు.

గది కూడా జంతువుకు నేలే

విదేశీ సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాల ఇళ్ల కోసం రాసినవి. అక్కడి కష్టం వెచ్చదనం. మన వరంగల్, కరీంనగర్, రామగుండం వైపు ఎండాకాలంలో కష్టం దానికి తలకిందులు. మేలో మధ్యాహ్నం స్లాబు కింద పై అంతస్తు గది 37, 38 డిగ్రీలకు పోతుంది. బాల్ పైథాన్‌కు వెచ్చని మూల 31 నుంచి 33 ఉంటే చాలు. మొత్తం పెట్టె 35 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. అప్పుడు బెత్తెడు మందాన పదునుగా ఉన్న పరుపే దానికి ఆసరా. కిందికి దూరి పొట్ట ఆనించి పడుకుంటుంది. మే నెలలో పల్చటి పేపరు మీద పాము ఉంచడమంటే దానికి దాక్కునే చోటు లేకుండా చేయడమే.

ఇక్కడ కూలర్‌కు, ఏసీకి ఉన్న తేడా కూడా లెక్కలోకి తీసుకోవాలి. కూలర్ నీటిని ఆవిరి చేసి గదిలోకి తోస్తుంది, తేమ పెరుగుతుంది. ఏసీ ఉన్న తేమను పీల్చి బయటికి పంపుతుంది. అదే పాము, అదే పరుపు. కూలర్ ఉన్న హాల్లో నాలుగు రోజులకోసారి నీళ్లు చల్లితే సరిపోయేది, ఏసీ పడకగదిలో రోజు మార్చి రోజు చల్లాల్సి వస్తుంది. చిన్న డిజిటల్ తేమ మీటరు కొని, దాన్ని పెట్టె పైన గోడకు కాకుండా జంతువు పడుకునే ఎత్తులో పెట్టండి. ఈ వ్యాసంలో నేను కొనమని చెప్పే వస్తువుల్లో అన్నిటికంటే ముందు వచ్చేది అదే.

జులై నుంచి సెప్టెంబరు దాకా కథ తిరగబడుతుంది. గాలిలోనే 80 శాతం తేమ ఉన్నప్పుడు పరుపులో పోసిన నీళ్లు ఎటూ పోవు. పాము పొట్ట రోజంతా నేలకే ఆని ఉంటుంది. మలం కలిసిన తడి మీద అలాగే పడుకుంటే పొట్ట పొలుసుల కింద నీటి బుడగలు లేస్తాయి. అవి గోధుమ రంగుకు తిరిగి, చితికి, పుండ్లవుతాయి. మా బామ్మర్ది పాముకు అయింది అదే. తొందరగా చూశాడు కాబట్టి ఆరు వారాలు పొడి పేపరు మీద ఉంచి, డాక్టరు ఇచ్చిన మందు రాస్తే మానింది, రెండు కుబుసాల తర్వాత మచ్చ కూడా పోయింది.

ఇసుక గొడవ

ఈ విషయంలో జరిగినంత వాదన ఇంక దేని మీదా జరగదు. ఒక పక్షం వాళ్లు ఇసుక అంటేనే చావు అంటారు. జంతువు ఇసుక మింగి, అది పేగులో గడ్డకట్టి, మలం ఆగిపోయి చచ్చిపోతుందని వాళ్ల భయం. రెండో పక్షం వాళ్లు అడవిలో ఈ జీవులు మట్టిలోనే పుట్టి మట్టిలోనే తింటున్నాయి కదా, అక్కడ చావట్లేదు కదా అంటారు. రెండు మాటల్లోనూ నిజం ఉంది, చిక్కు విప్పాలంటే పేగు ఎలా పనిచేస్తుందో చూడాలి.

బల్లికైనా పాముకైనా ఒంట్లో సొంత వేడి పుట్టదు. తిన్నది అరగాలన్నా, పేగు కదిలి ముందుకు తోయాలన్నా బయటి వేడి కావాలి. వేడి సరిపోతే, ఒంట్లో నీరు ఉంటే, మేత వెంట నోట్లోకి పోయిన నాలుగు రేణువులు మలంతో బయటికి వస్తాయి. వేడి తగ్గితే పేగు మందగిస్తుంది. నీరు తగ్గితే మలం గట్టిపడుతుంది. అప్పుడు అవే రేణువులు రోజురోజుకూ పోగవుతాయి. డిసెంబరులో వరంగల్ రాత్రులు 15 డిగ్రీల దాకా దిగుతాయి. ఎండాకాలం వేడి చూసి "మన ఊర్ల బల్బు ఎందుకు" అనుకున్నవాళ్ల పెట్టెల్లో ఇసుక ఇబ్బందులు బయటపడేది ఆ నెలలోనే.

ఇంకో కారణం కాల్షియం. మేతలో అది తక్కువైనా, అతినీలలోహిత బల్బు లేకపోయినా బల్లి ఎముకలు మెత్తబడతాయి. అప్పుడు అది నేలను నాకడం మొదలుపెడుతుంది. కిటికీ అద్దంలోంచి ఎండ పడుతోంది కదా అని సరిపెట్టుకోవద్దు, అద్దం ఆ కిరణాలను ఆపేస్తుంది. నాకి నాకి మింగిన ఇసుకతో పేగు బిగుసుకుంటే నేరం ఇసుక మీదికి పోతుంది, అసలు జబ్బు దాని వెనక దాక్కుంటుంది.

నా తీర్పు ఇది. వేడి, నీరు, కాల్షియం మూడూ సరిగ్గా ఉన్న పెద్ద ఆరోగ్యమైన బియర్డెడ్ డ్రాగన్‌కు మట్టితో కలిసిన ఇసుక కీడు చేయదు. డ్రాగన్ పిల్లలకు, జబ్బు పడ్డవాటికి, నిన్ననే ఇంటికి తెచ్చినవాటికి మాత్రం ఇసుక లాంటి ఏ పొడి సరుకూ వద్దు. మేత ఎప్పుడూ పళ్లెంలోనో, రాయి మీదనో పెట్టాలి.

ఏ ఇసుక అన్నది కూడా ముఖ్యమే. గోదావరి ఇసుక, మానేరు ఇసుక నీళ్లలో దొర్లి దొర్లి అంచులు అరిగి ఉంటుంది. కడిగి, సన్న జల్లెడ పట్టి వాడొచ్చు. ఇళ్ల పనికి వస్తున్న రోబో ఇసుక గ్రానైటును పగలగొట్టి చేసింది, గింజ గింజకూ పదునైన కోణాలుంటాయి, సన్నటి రాతి దుమ్ము కలిసి ఉంటుంది. పొట్ట ఆనించి పాకే జీవి కింద దాన్ని పరచొద్దు. కాల్షియం ఇసుక అని రంగురంగుల సంచుల్లో ఒకటి అమ్ముతారు, తిన్నా కరిగిపోతుందని చెబుతారు. అది నాకడానికి ఆశ పుట్టిస్తుంది, తడి తగిలితే ముద్ద కడుతుంది, ఎక్కువ మింగితే కడుపులోని ఆమ్లాన్ని విరిచేస్తుంది. నేను ఎప్పుడూ కొనను.

ఇసుక వద్దనుకునే డ్రాగన్ యజమానికి మన దగ్గర అన్నిటికంటే మంచి దారి బండ. షాబాద్ బండ ముక్క, తాండూరు బండ ముక్క, కరీంనగర్ గ్రానైటు వెనక గరుకు వైపు, ఏదైనా సరే. దీపం కింద వేడెక్కి వేడి నిలుపుకుంటుంది, గోళ్లు అరుగుతాయి, తుడిస్తే శుభ్రం. నున్నగా పాలిష్ చేసిన టైలు మీద మాత్రం కాళ్లు జారి కీళ్లు పక్కకు పోతాయి. తవ్వే అలవాటు తీరడానికి ఒక మూల తొట్టిలో మట్టి ఇస్తే చాలు.

సామిల్లు పొట్టు, ఊక, దూది

ఇది నేను చేసిన తప్పు. మొదటి ఏడాది మా వీధి చివర సామిల్లు నుంచి బస్తా రంపపు పొట్టు తెచ్చి పాము కింద పరిచాను. పైసా ఖర్చు లేదు, మెత్తగా ఉంది, వాసన బాగుంది. ఆ వాసనే ప్రమాదమని అప్పుడు నాకు తెలియదు. పదో రోజు రాత్రి పెట్టెలోంచి సన్నటి ఈల లాంటి చప్పుడు విన్నాను. పాము తల పైకెత్తి, నోరు కొద్దిగా తెరిచి ఊపిరి తీస్తోంది. ముక్కు దగ్గర బుడగలు. ఆ రాత్రి దాని పక్కనే కూర్చున్నాను.

పాములకు మనలాగా ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర లేదు. గట్టిగా దగ్గి లోపలి తెమడను బయటికి నెట్టలేవు. లోపలికి పోయిన దుమ్ము అక్కడే ఉండిపోతుంది. రంపపు పొట్టులో ఒక కట్టె ఉండదు. టేకు, వేప, తుమ్మ, ప్యాకింగ్ పెట్టెల నుంచి వచ్చిన పైన్ కట్టె అన్నీ కలిసి ఉంటాయి. పైన్, సెడార్ జాతి కట్టెల్లో సువాసన ఇచ్చే నూనెలు మూసిన పెట్టెలో ఊపిరితిత్తులకు, కాలేయానికి చేటు చేస్తాయి. టేకు దుమ్ముకు వడ్రంగి మేస్త్రీల చేతులకే దద్దుర్లు వస్తాయి. చెదపురుగు పట్టకుండా మందు కొట్టిన కట్టె ఉంటే ఇక చెప్పేదే లేదు. నా పాముకు ఇంజెక్షన్లు వేయించి, పేపరు మీద ఉంచి, వెచ్చదనం కొంచెం పెంచితే మూడు వారాలకు తేరుకుంది. విదేశాల్లో పాముల కింద వాడే ఆస్పెన్ కట్టె తురుము దీనికి పూర్తిగా వేరు. వాసన నూనెలు లేనిది, దుమ్ము తీసినది. మన దగ్గర దొరకడం కష్టం, దొరికినా వానాకాలంలో బూజు పడుతుంది.

ఊక గురించి కూడా అడుగుతుంటారు. మన జిల్లాల నిండా రైస్ మిల్లులు, కోళ్ల షెడ్లలో ఊక పరుపు కళ్ల ముందు కనిపిస్తుంటుంది. కోడి కాళ్ల మీద నిలబడుతుంది, పాము పొట్ట మీద పాకుతుంది. ఊకలో సిలికా ఎక్కువ, అంచులు గీసుకుంటాయి, నోట్లో ఇరుక్కుంటాయి, దుమ్ము లేస్తుంది. పల్లి పొట్టుకు బూజు తొందరగా పడుతుంది. ఇక పత్తి పండే చోట దూదికి కొదవ లేదు కాబట్టి బల్లి పిల్లకు మెత్తగా దూది పెడతారు. ఆ పోగులు వేళ్లకు చుట్టుకుని రక్తం ఆగి వేలు ఎండి రాలిపోతుంది. మింగితే పేగులో పోగు బయటికి రాదు. ఈ మూడూ వద్దు.

కొబ్బరి పొట్టును పదును చేయడం

బొరియ జీవులకు మన ఊళ్లో దొరికేవాటిలో నేను ముందు నిలబెట్టేది దీన్నే. 650 గ్రాముల ఇటుక నీళ్లలో వేస్తే సుమారు 8 లీటర్ల పొట్టు అవుతుంది. నర్సరీలో అమ్మేది మొక్కల కోసం చేసింది, కొన్నిట్లో ఉప్పు ఎక్కువ ఉంటుంది, కొన్నిట్లో ఎరువు కలిపి ఉంటుంది. ఎరువు, వేపపిండి, తెల్లటి పెర్లైటు గుళికలు కలిపిన సంచి వద్దు, ఒట్టి పొట్టే కావాలి. బకెట్లో నానబెట్టి పాత చీర గుడ్డలో వేసి పిండండి. గోధుమ రంగు నీళ్లు పారబోసి మళ్లీ పోయండి. మూడుసార్లు చేస్తే ఉప్పు చాలా వరకు దిగిపోతుంది.

తర్వాత రైతు పరీక్ష చేయండి. పిడికిట్లో పట్టి గట్టిగా పిండితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారొద్దు. మరీ ఎండితే దుమ్మై ముక్కులోకి పోతుంది. తడిపేటప్పుడు పైనుంచి చల్లడం కంటే పెట్టె మూలల్లో కొద్దికొద్దిగా పోయడం మేలు. నీళ్లు కిందికి దిగి అడుగు పొర పదునుగా, పై పొర పొడిగా నిలుస్తుంది. పాము పొడి మీద పడుకుంటుంది, గాలికి తేమ కింది నుంచి అందుతుంది. పుట్టలో జరిగేదీ ఇంచుమించు ఇదే.

తాబేలు పిల్లకు ఒట్టి పొట్టు కంటే మూడో వంతు ఎర్రమట్టి కలిపింది బాగుంటుంది. కాలికి పట్టు దొరుకుతుంది, తవ్విన గుంట కూలదు. జానెడు లోతు ఇస్తే అదే తవ్వుకుంటుంది. ఆకుకూరలు మట్టిలో పడేయకుండా బండ మీద పెట్టాలి. కొబ్బరి పొట్టు నోట్లోకి పోతే లోపల ఉబ్బుతుంది.

మట్టి ఎక్కడి నుంచి తేవాలన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న. పత్తి చేను, మిరప చేను దరిదాపులకు పోవద్దు. ఆ చేలల్లో ఏడాదికి ఎన్నిసార్లు మందు కొడతారో మనకు తెలుసు. రోడ్డు పక్క మట్టిలో డీజిలు, నూనె ఉంటాయి. నేను మా అమ్మమ్మ ఊళ్లో ఎన్నడూ దున్నని గుట్ట వారన ఉన్న చెల్క నేల నుంచి తెస్తాను. రేగడి పనికిరాదు. తడిస్తే కాళ్లకు బంకలా అంటుతుంది, ఆరితే నెర్రెలిస్తుంది. మొరం గరుకు. పుట్టమన్ను వాడితే పాముకు మంచిదని చాలామంది పెద్దలు నాకు చెప్పారు. వాళ్ల ప్రేమ నాకు అర్థమవుతుంది, కానీ ఆ మన్ను తడిసి ఆరితే ఇటుకలా బిగుస్తుంది, చెదలు కూడా వెంట వస్తాయి. పాముకు మేలు చేసేది పుట్ట మన్ను కాదు, పుట్ట లోపలి గాలి. తెచ్చిన మట్టిని జల్లించి, కొంచెం తడిపి, పాత మూకుట్లో మూతపెట్టి అరగంట పాటు 80 డిగ్రీలకు తగ్గకుండా వేడి చేస్తే పురుగులు, గుడ్లు పోతాయి.

నీళ్ల తాబేలు గిన్నెలో రంగురాళ్లు

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే పెంపుడు సరీసృపం పాము కాదు, ఎర్ర చెవి తాబేలు. రూపాయి బిళ్లంత పిల్లను వాస్తు కోసమని గాజు గిన్నెలో పెట్టి, అడుగున నీలం, ఎరుపు గులకరాళ్లు పోస్తారు. ఆ రాళ్లను అది మింగుతుంది. తినడం మానేసి, ఒకవైపు ఒరిగి ఈదుతుంటే ఎక్స్‌రే తీయించాలి. రాళ్లు ముత్యాల్లా వరుసగా కనిపిస్తాయి. నీళ్ల తాబేలుకు అడుగు ఖాళీగా ఉండటమే అన్నిటికంటే క్షేమం. అందం కావాలంటే దాని తల కంటే పెద్ద గుండ్రాళ్లు నాలుగు పెట్టండి. ఒళ్లు పూర్తిగా ఆరేలా ఎక్కి కూర్చునే బండ ఒకటి తప్పనిసరి. పెద్దదయ్యాక భద్రకాళి చెరువులోనో, వడ్డేపల్లి చెరువులోనో వదలడం మాత్రం ఘోరం. అది మన చెరువుల తాబేళ్ల తిండిని, చోటును లాక్కుంటుంది.

ఈ చిన్న తాబేళ్ల గురించి ఇంకోటి కూడా చెప్పాలి. సరీసృపాలు జబ్బు లేకుండానే సాల్మొనెల్లా క్రిమిని మోస్తాయి. పిల్లలు తాబేలును నోట్లో పెట్టుకుని జబ్బు పడుతున్నారని అమెరికా 1975లోనే 4 అంగుళాల లోపు డిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. పరుపు మార్చినా, నీళ్లు మార్చినా చేతులు సబ్బుతో కడగాలి, వంటింటి సింకులో ఆ పని చేయొద్దు, ఐదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వొద్దు.

పాత పేపరు, హీట్ మ్యాట్, ఫినాయిల్

కొత్తగా తెచ్చిన పాముకు మొదటి రెండు మూడు నెలలు పాత న్యూస్‌పేపరే పరుపు. మలం ఎలా ఉంది, రక్తం ఉందా, నల్ల చుక్కల్లాంటి పేలు తిరుగుతున్నాయా అన్నీ తెల్ల కాగితం మీద కనిపిస్తాయి. పుండ్లున్న పాముకూ అదే. తేమ కోసం మూతకు రంధ్రం చేసిన డబ్బాలో తడి గుడ్డ పెట్టి ఒక మూల ఉంచితే సరిపోతుంది.

కింది నుంచి వేడి ఇచ్చే హీట్ మ్యాట్ వాడేవాళ్లు ఒకటి గమనించాలి. పరుపు మందంగా ఉంటే వేడి పైకి రాదు. పైన కొలిచి చల్లగా ఉందని మ్యాట్ వేడి పెంచుతారు. పాము కిందికి తవ్వి నేరుగా గాజు మీద పడుకుంటుంది, పొట్ట కాలుతుంది, కాలుతున్నట్టు తనకే వెంటనే తెలియదు. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా మ్యాట్ వాడొద్దు, దాని తీగ కొసను గాజుకు, మ్యాట్‌కు మధ్య పెట్టండి.

ఫినాయిల్ విషయంలో నేను ఇంట్లో వాళ్లతో కూడా గట్టిగానే మాట్లాడతాను. ఇల్లు తుడిచే నీళ్లలో రెండు మూతలు కలపడం మనకు అలవాటు, అదే గుడ్డతో పెట్టె అడుగు తుడిచేస్తారు. ఆ రసాయనాలు సరీసృపాల ఒంట్లోకి చర్మం నుంచి, ఊపిరి నుంచి దిగుతాయి. చీమలు వస్తున్నాయని పెట్టె చుట్టూ గీసే చీమల చాక్‌పీసు కూడా పురుగుమందే. నాఫ్తలీన్ గోలీలు, కర్పూరం బిళ్లలు ఆ గదిలోనే వద్దు. చీమలకు పెట్టె కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, మన అమ్మలు పాలగిన్నెకు చేసినట్టు. కడగడానికి వేడి నీళ్లు, గిన్నెల సబ్బు చాలు. రోగం వచ్చిన పెట్టెకు ఒక వంతు బ్లీచుకు పది వంతుల నీళ్లు కలిపి రుద్ది, పది నిమిషాలు ఉంచి, బాగా కడిగి, వాసన పోయేదాకా ఎండలో ఆరబెట్టండి.

మలం కనిపించిన రోజే దాని చుట్టూ ఉన్న పరుపుతో సహా తీసేయాలి. మొత్తం మార్చడం మూడు నాలుగు నెలలకోసారి. ముక్కులో బుడగలు, నోరు తెరిచి ఊపిరి, రెండు వారాలుగా మలం లేకపోవడం, పొట్ట కింద ఎరుపు కనిపిస్తే పరుపు మార్చి ఊరుకోవద్దు, డాక్టరుకు చూపించాలి. వరంగల్‌లో మామునూరు దగ్గర పశువైద్య కళాశాల ఉంది. అన్ని పశువైద్యశాలల్లోనూ పాములు చూసేవాళ్లు ఉండరు, ముందే ఫోన్ చేసి అడిగి పోండి. వాడిన పరుపు చిటికెడు సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్లండి, డాక్టరుకు అది సగం జవాబు.

మా ఇంట్లో ఏడాదికి రెండు తేదీలు గుర్తుపెట్టుకుంటాం. హోలీ దాటాక పెట్టెలో పొట్టు బెత్తెడు మందానికి పెంచి, పైన గాలి రంధ్రాలు సగం మూస్తాను. జూన్‌లో తొలకరి పడ్డ రోజు సాయంత్రం ఆ పొట్టు సగం తీసి కుండీల్లో వేసి, రంధ్రాలన్నీ తెరుస్తాను. ఇప్పుడు మా బామ్మర్ది కూడా అదే చేస్తున్నాడు. మొన్న వాన మొదలవగానే ఫోన్ చేసి "బావా, తీసేసిన. పిడికిట్ల పట్టి చూసిన, పదును మీదనే ఉంది" అన్నాడు.